ఆగ్నెస్ చివరి పేజీ

కాకినాడ రామారావుపేటలోని శనివారం పుస్తక సంఘంలో ఏ నవల చర్చకు పెట్టినా, అందులోంచి ఒక పాత్ర బయటికొచ్చి కుర్చీలో కూర్చుంటుంది. సభ్యులందరూ చివరి పేజీ చదివేశాక తిరిగి లోపలికి వెళ్లిపోతుంది. సంఘం పెట్టినప్పటినుంచీ ఉన్న పద్ధతే కనుక దీని గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోరు. వచ్చిన పాత్రకు టిఫిను సంఘం ఖర్చుమీదే.

వేసవిలో పాత హాలీవుడ్ గురించిన చారిత్రక నవల ఒకటి పెట్టారు. అందులోంచి ఆగ్నెస్ వచ్చింది. మూకీ చిత్రాల నాయిక. మనిషంతా నలుపూ తెలుపే. పెదవులు కదిపితే శబ్దం రాదు. పక్కన గాల్లో, పూలతీగల అంచున్న నల్లటి అట్ట మీద ఆ మాట తెల్లటి అక్షరాల్లో కనిపిస్తుంది. మొదటి అట్ట మీద "అల్లం పచ్చడి ఇంకొంచెం" అని వచ్చింది. వెనక వరుసవాళ్లు కంటికి ఆనడం లేదంటే, రెండోసారి పెద్ద అక్షరాలతో అడిగింది.

వానలు పట్టినా ఆగ్నెస్ వెళ్లలేదు. కారణం మాణిక్యాంబ. ఆవిడ కొత్త సభ్యురాలు. బడి మొహం చూడకుండా, పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న పెద్దావిడ. ఏ నవలైనా చివరి పేజీ దగ్గర మూసేస్తుంది. ఎవరినైనా సాగనంపడానికి బస్టాండుకు వెళ్లినా బస్సు కదలకముందే ఇంటికొచ్చేస్తుంది. కదలడం చూడకపోతే వాళ్లు ఇంకా బస్టాండులోనే ఉన్నట్టు ఆవిడ లెక్క.

ఆగ్నెస్ ఉన్నన్నాళ్లూ సంఘం కళకళలాడింది. చప్పుడు లేకుండా ఏడవడం, కళ్లతోనే తిట్టడం అందరికీ నేర్పింది. కార్యదర్శి పేరేశ్వర్రావుగారు రిటైరైన సబ్ రిజిస్ట్రారు. ఆయనింట్లో తగాదాలు ఇప్పుడు పూర్తిగా మూకీలోనే జరుగుతున్నాయి. చూడ్డానికి పక్కింటివాళ్లు కుర్చీలు తెచ్చుకుంటున్నారు. మాణిక్యాంబ అయితే ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇంత నవ్వలేదు.

ఇబ్బందులూ వచ్చాయి. ఆ నవల ప్రతులన్నిటిలోంచీ నాయిక మాయమైంది. హీరో పేజీల తరబడి గాలిని కౌగిలించుకుంటున్నాడని విజయనగరం పాఠకుడొకాయన ఫిర్యాదు చేశాడు. పైగా తర్వాతి నవలలోంచి రావలసిన పట్టపుటేనుగు ముందే వచ్చి, కుర్చీ ఖాళీ కాలేదని వరండాలో నిలబడింది.

"మాణిక్యాంబగారూ, ఒక్క పేజీయే కదండీ. గబుక్కున చదివేద్దురూ" అన్నారు పేరేశ్వర్రావుగారు.

"చదివేత్తే ఈ పిల్ల ఎల్లిపోద్ది కదండీ బాబూ."

"వెళ్లక, ఇక్కడే కాపురం పెడుతుందాండీ?"

"పెట్టనీండి. మా పక్క గది కాళీయే. అద్దె కూడా అడగన్లెండి."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"చదవకపోతే మీ సభ్యత్వం తీసెయ్యాల్సొస్తుందండి. అప్పుడు మిగతా అందరం చదివినట్టే లెక్క. అమ్మాయి వెళ్లిపోతుంది."

మాణిక్యాంబ కాఫీ గ్లాసు కింద పెట్టింది. ఎటు చూసినా ఆగ్నెస్ పోతుంది. రెండో దారిలో శనివారాలు కూడా పోతాయి. ఆవిడ పుస్తకం తెరిచింది. చివరి పేజీ కొసకు వేలు ఆనించి, తిప్పలేక అలాగే కూర్చుంది.

ఆగ్నెస్ లేచి నిలబడింది. పక్కన అట్ట తేలింది: "నాకూ సభ్యత్వం ఇవ్వండి." దాని వెనకే మరొకటి: "నేనూ చివరి పేజీ చదవలేదు. అది నాది."

నిబంధనలు తిరగేశారు. పాత్రకు సభ్యత్వం ఇవ్వకూడదని ఎక్కడా లేదు. పేరు రాసుకున్నారు. ఇక, తన చివరి పేజీని తానే చదవమని సభ్యురాలిని అడగవచ్చునా అన్న ప్రశ్న మిగిలింది. ఇదివరకు ఎవరైనా అలా చదివి ఉంటే అదే పద్ధతి పాటించవచ్చని పేరేశ్వర్రావుగారికి తోచింది.

"తమ చివరి పేజీ తాము చదివినవాళ్లు ఉంటే చెయ్యెత్తండి" అన్నారు.

ఎవరూ ఎత్తలేదు. ఆయన తన రెండు చేతులూ చూసుకుని ఒళ్లో పెట్టుకున్నారు. వరండాలో ఏనుగు తొండం దించుకుంది.

ఎవరూ చెయ్యని పని ఆగ్నెస్‌ను చెయ్యమనలేం కనుక చర్చ ముగియలేదని తీర్మానించారు. మాణిక్యాంబ పుస్తకం మూసి, ఆగ్నెస్‌కు దగ్గరుండి వేడి పెసరట్టు వేయించింది. ఏనుగుకు వరండాలోనే వడ్డించారు. హాలంతా నవ్వులూ, పూలతీగల అట్టలూ.

వచ్చే శనివారం రాలేనివాళ్లు ముందుగా చెప్పాలని కార్యదర్శి కోరారు. అందరూ వస్తామనే చెప్పారు.