పులివేషం కట్టిన ఫార్ములా కుర్రాడు

ఆ మంగళవారం పొద్దున్న బరంపురం అంకులిలో ఢిల్లీశ్వరరావు ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే అనుదీప్‌కి పులివేషం కట్టాలి, డప్పులతో ఠాకురాణి అమ్మవారి దగ్గరికి తీసుకెళ్ళి మొక్కు చెల్లించాలి, మధ్యాహ్నానికి వేషం కడిగేసి అన్నం పెట్టాలి, సాయంత్రం మద్రాసు రైలెక్కించాలి. అంతే. ఇలాంటి చిన్న పథకాలే కొంపలు ముంచుతాయి. పెద్ద పథకమైతే మనిషి ముందే భయపడి జాగ్రత్తగా ఉంటాడు.

అనుదీప్ అంటే ఎవరనుకున్నారు, గేట్ బజార్లో బట్టల కొట్టు ఉన్న ఢిల్లీశ్వరరావుకి ఒక్కగానొక్క కొడుకు. పంతొమ్మిదేళ్ళు. రేసు కార్లు తోలతాడు. టీవీలో చూపించే పెద్ద ఫార్ములా కాదు, అక్కడికి వెళ్ళాలనుకునే కుర్రాళ్ళు చేయి తిరగడానికి తోలే చిన్న ఫార్ములా. ఆ బండికి పైకప్పు ఉండదు, తలుపుండదు, నాలుగు చక్రాలూ బయటికే ఉంటాయి. ఒక్కడే పడతాడు, వాడూ పడుకున్నట్టే కూర్చోవాలి. దాని ఫోటో మొదటిసారి చూసినప్పుడు వాళ్ళ మామ్మ పుణ్యవతి, "పూర్తిగా కట్టకుండానే తోలీస్తన్నారేటిరా" అని అడిగింది.

చలికాలంలో కోయంబత్తూరులో మొదలైంది ఆ సీజను. మొదటి రౌండులో ఇంజను ఆగిపోయింది. రెండో రౌండులో చక్రం ఊడింది. మూడో రౌండులో బండి బోల్తా కొట్టి, ఇసకలో తిరగబడి పడుకుంది. ఇంట్లో ఫోనులో చూస్తున్న పుణ్యవతి అక్కడికక్కడే కొంగు పట్టి, "బుడ్డీ ఠాకురాణి తల్లీ, పిల్లడు లేచి నడిసొస్తే నీ యాత్రకి పులివేషం కట్టించీస్తాను" అని మొక్కేసింది. అనుదీప్ బండి కిందనుంచి పాక్కుంటూ వచ్చి, బట్టలు దులుపుకుని నడిచాడు. ఆ తర్వాత నుంచి వాడికి తిరుగులేదు. మద్రాసులో జరిగే ఆఖరి రౌండు వచ్చేసరికి నాలుగో స్థానంలో ఉన్నాడు. మూడో స్థానంలో ఉన్న పూనా కుర్రాడు వాడికంటే మూడే పాయింట్లు పైన.

ఆ మూడు పాయింట్లలోనే ఉంది అంతా. మొదటి ముగ్గురికీ వచ్చే ఏడాది బండిలో సీటు పోటీ పెట్టినవాళ్ళే ఇస్తారు. నాలుగోవాడు ఇంటికెళ్ళి, నాన్న పక్కన కూర్చుని జాకెట్టు గుడ్డలు కొలుచుకోవాలి. ఢిల్లీశ్వరరావు ఆ మాట ముందే చెప్పేశాడు. కొత్త మీటరు కర్ర కూడా తెచ్చి ఉంచాడు.

బరంపురంలో ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి. అమ్మవారు పుట్టింటికి వచ్చి ఉన్నన్ని రోజులూ మొక్కుకున్నవాళ్ళు వేషాలు కడతారు. ఆ రోజుల్లో ఎలుగుబంటి ఆటోలో మీ పక్కన కూర్చున్నా, కాస్త జరిగి చోటివ్వడమే తప్ప ఎవరూ తల తిప్పి చూడరు. ఈసారి తప్పితే మొక్కు రెండేళ్ళు బాకీ పడిపోతుంది. బాకీ పెట్టుకుని బండెక్కితే ఏమవుతుందో పుణ్యవతికి ఇసకలో చూసినది చాలు.

వేషం కట్టడానికి దాలయ్య వచ్చాడు. యాత్ర రోజుల్లో తప్ప మిగతా కాలమంతా లారీల వెనక బొమ్మలు వేస్తాడు.

"పిన్నీ, ఎండకి రంగు కారిపోద్దని భయపడొద్దు. వార్నీసు కలిపీసినాను. ఏటో ఒకటి అనుకోకు, వానొచ్చినా కదల్దు."

"మరి కుర్రోడి తోలు?"

"కిరసనాయిలు పెట్టి తుడిస్తే వొచ్చీద్ది."

పుణ్యవతికి ఇది నచ్చలేదు. లారీ రంగు నేరుగా మనవడి ఒంటిమీద పడడమేమిటి. దాలయ్యని వీధరుగు మీద కూర్చోబెట్టి, పచ్చి పసుపు కొమ్ములు గుప్పెళ్ళకొద్దీ నూరి, అనుదీప్‌కి నుదుటి నుంచి అరికాలి దాకా, వేళ్ళ సందుల్లో కూడా పట్టించింది. ఆరాక మళ్ళీ ఒక పూత వేసింది.

"మామ్మా, పెళ్ళికొడుకుని సేస్తన్నావేటి," అన్నాడు అనుదీప్.

"నోర్ముయ్. పసుపుంటే రంగు లోపలికి దిగదు."

నిజమే, రంగు లోపలికి దిగలేదు. దిగింది పసుపు.

పులి వీధిలోకి వచ్చాక అది ఇంటివాళ్ళది కాదు, ఊరిది. ఈ సంగతి అందరికీ తెలుసు, పథకం వేసినప్పుడు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. డప్పులవాళ్ళు వాయించడం మొదలెడితే పులి ఎగరాలి. గేట్ బజార్లో ఢిల్లీశ్వరరావు తోటి వ్యాపారులు, "మన రావు కొడుకు పులి" అని ప్రతి కొట్టు ముందూ ఆపారు. ఒక కొట్టు దగ్గర ఎగిరి పక్క కొట్టు దగ్గర ఎగరకపోతే పగలు పుడతాయి. తోక పట్టుకున్న దాలయ్య, "ఇంకొక్కటే" అంటూ వీధులు మార్చాడు. అమ్మవారి దర్శనం అయ్యేసరికే పొద్దు వాలింది. తిరుగు దారిలో మద్రాసు రైలు కూత వేసినప్పుడు పులి మిఠాయి కొట్టు ముందు పల్టీలు కొడుతోంది.

రైలు పోయిందన్న మాట జట్టు మేనేజరుకి చెప్పాలి. ఆవిడ పేరు నీరజ, విశాఖపట్నం మనిషి, మాటలో సూది ఉంటుంది. ఢిల్లీశ్వరరావు ఫోను చేతిలో పట్టుకుని గుమ్మంలో అటూ ఇటూ తిరిగాడు.

"నిజం సెప్పీ నాన్నా," అన్నాడు పులి.

"ఏటని సెప్పాల? ఆఖరి రౌండు ముందర మా కుర్రోడు తోక పెట్టుకుని ఎగిరినాడనా? బండి దరిదాపులకి రానిస్తారేటి." ఆయన గొంతు సవరించుకుని ఫోనులో, "మేడమ్, పిల్లాడికి కాస్త జ్వరం తగిలింది. రేపు బయల్దేరతాడు," అన్నాడు.

పెరట్లో వాళ్ళమ్మ ఉమాదేవి కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే చారలు, వార్నీసు, మీసాలు అన్నీ చక్కగా ఊడొచ్చాయి. దాలయ్య మాట తప్పలేదు. అడుగునుంచి మాత్రం నిగనిగలాడే పసుపుపచ్చ అనుదీప్ బయటపడ్డాడు. సబ్బు రుద్దితే పసుపు ఎర్రబడింది. నీళ్ళు పోస్తే మళ్ళీ పచ్చబడింది. సెనగపిండి, నిమ్మకాయ, మజ్జిగ అన్నీ అయ్యాక ఉమాదేవి చేతులు పచ్చబడ్డాయి గానీ వాడి ఒళ్ళు తెల్లబడలేదు. సబ్బు సరిగా పోని చోట, మెడ మీదా చెవుల వెనకా, ఎర్రటి మచ్చలు మిగిలాయి. కిరసనాయిలు ఘాటుకి కళ్ళు చింతనిప్పులయ్యాయి.

"రెండు రోజుల్లో అదే పోద్ది," అంది పుణ్యవతి. రోజంతా ఉపవాసమున్న పిల్లాడి ముందు పఖాళ చద్దన్నం, చేపల వేపుడు పెట్టింది. వాడు ఆబగా తిన్నాడు. నీరసంగా ఉన్నాడని ఉమాదేవి సంచిలో బలం మాత్రలు పెట్టి, పూటకి రెండు మింగమంది. మింగితే ఏం పచ్చబడుతుందో ఆ మాత్రలు వాడినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మర్నాడు రైల్లో చేపల వేపుడు తిరగబెట్టి, వాడు కిటికీ పట్టుకుని వాంతులు చేసుకున్నాడు. ప్రేమగా ఎవరేం చేసినా ఒక్కో రోగలక్షణం చేరుతూ వచ్చింది.

రేసు బండెక్కే ముందు డ్రైవర్లని డాక్టరు చూస్తాడు. మద్రాసు ట్రాక్ దగ్గర డాక్టరు పెద్దమనిషి, నెమ్మదస్తుడు. అనుదీప్ లోపలికి రాగానే కుర్చీలోంచి లేచాడు. జ్వరం వచ్చిందా అంటే, వచ్చిందంది పక్కనున్న నీరజ. వాంతులయ్యాయా అంటే అయ్యాయన్నాడు అనుదీప్. మూత్రం ఏ రంగులో వెళ్తోందంటే, అబద్ధం ఆడడం చేతకాక ఉన్నది చెప్పాడు. డాక్టరు రెండడుగులు వెనక్కి వేసి, కామెర్లు అన్నాడు.

"కామెర్లు కాదు మేడమ్, పసుపు. మా మామ్మ రాసింది."

"ఒళ్ళంతానా?" అంది నీరజ.

"అడుగు పూత. పైన పులి రంగేసినారు."

నీరజ ఇంటికి ఫోను కలిపి స్పీకరు పెట్టింది. అవతల పుణ్యవతి ఎత్తింది.

"నానే రాసినానమ్మా. కొమ్ములు నూరి రాసినాను. పులిని సెయ్యాలి కదా మరి."

నీరజ ఆ మాట డాక్టరుకి ఇంగ్లీషులో చెప్పింది. చెప్తుంటే ఆవిడకే నమ్మకం తగ్గిపోయింది. డాక్టరు అనుదీప్ వైపు జాలిగా చూసి, ఈ కుర్రాడు తాను పులినని అనుకుంటున్నాడా అని అడిగాడు.

"మంగళారం సాయంత్రం దాకానే," అన్నాడు అనుదీప్ నిజాయితీగా.

ఇంతలో ఢిల్లీశ్వరరావు ఫోను లాక్కున్నాడు. "మేడమ్, జ్వరమన్నది అబద్ధమండి. వాడికేటీ లేదు."

"మొన్న జ్వరమన్నారు. ఇప్పుడు పులి అంటున్నారు. నేను ఏది నమ్మాలి ఢిల్లీశ్వరరావు గారూ?"

ఆయన ఫోను తిరిగి తల్లి చేతిలో పెట్టేశాడు. బట్టల కొట్టులో అయితే రెండో రకం చూపించేవాడు.

డాక్టరు చెప్పింది తేలికే. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా బండి దగ్గరికి వెళ్ళకూడదు. ఇది అంటుకునే రకమైతే పోయిన రౌండులో వీడితో కలిసి తిన్నవాళ్ళ రక్తం కూడా చూడాలి. తిన్నది ఒక్కడే, పూనా కుర్రాడు. పాయింట్ల దగ్గర ఇద్దరికీ పడదు గానీ, పుణ్యవతి పంపిన అరిసెల డబ్బా దగ్గర వాళ్ళిద్దరూ అన్నదమ్ములు. పచ్చగా ఉన్న అనుదీప్‌ని చూసి పూనా కుర్రాడు పగలబడి నవ్వాడు. నవ్వుతూనే వెళ్ళి రక్తం ఇచ్చాడు. వాడు తెల్లగా, మల్లెపువ్వులా ఉన్నాడు.

శనివారం అందరూ బండ్లు తోలి, ఎవరు ఎక్కడనుంచి బయల్దేరాలో తేల్చుకుంటుంటే అనుదీప్ కంచె బయట కొబ్బరి బోండాంతో నిలబడ్డాడు. శనివారం తోలనివాడు రేసులో అందరికంటే వెనకనుంచి బయల్దేరాలి, అదీ తోలనిస్తేనే. ఇంటికి ఫోను చేశాడు.

"మామ్మా, ఈపాటికి నాన్న మీటరు కర్ర తుడుస్తుంటాడు."

"తుడిస్తే తుడవనీ. నువ్వు ఒళ్ళు తోముకో."

సాయంత్రం ఫలితాలు వచ్చాయి. డాక్టరు వాటిని రెండుసార్లు చదివాడు, పేర్లు తారుమారయ్యాయేమోనని ఫోను చేసి కనుక్కున్నాడు, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివాడు. అనుదీప్ రక్తం శుభ్రంగా ఉంది. కామెర్లు ఉన్నది పూనా కుర్రాడికి.

రంగు ఇంకా పైకి తేలలేదు గానీ, సంగతి అప్పుడు బయటపడింది. వాడికి కొద్ది రోజులుగా అన్నం సయించడం లేదు, కాళ్ళు పీకుతున్నాయి. ఎండ దెబ్బ అనుకున్నాడు. చెబితే సీటు పోతుందని ఎవరికీ చెప్పలేదు. ఆ నీరసంతో ఆ వేడిలో తోలుతూ ఎక్కడైనా కళ్ళు తిరిగితే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు. చెప్పకపోయినా అందరికీ తెలిసింది.

అనుదీప్ ఆస్పత్రికి వెళ్ళాడు. పూనా కుర్రాడు సెలైను సీసా కింద పడుకుని ఉన్నాడు. ఈ రకంగా నీ చోటు నాకొద్దు అన్నాడు అనుదీప్. పూనా కుర్రాడు, "నేనేం ఇవ్వట్లేదు, నువ్వింకా వెనకే ఉన్నావు. లెక్క చూసుకో," అన్నాడు. లెక్క నిజమే. ఎనిమిదో స్థానంలో వస్తే నాలుగు పాయింట్లు, తొమ్మిదిలో వస్తే రెండే.

ఆదివారం గేట్ బజార్లో బట్టల కొట్టు తెరిచారు గానీ బేరం ఎవరికీ పట్టలేదు. ఫోనుని చీరల దొంతికి ఆనించి పెట్టారు. పుణ్యవతి గుడ్డ మూట మీద కూర్చుంది.

"మనోడేడిరా?"

"ఆఖర్న ఉన్నాడమ్మా," అన్నాడు ఢిల్లీశ్వరరావు.

"పెద్దోళ్ళకి దారిచ్చీసినాడేటి?"

"వెనక్కి పెట్టినారు."

"ఎవలు పెట్టినారు?"

"నువ్వే," అందామనుకుని ఢిల్లీశ్వరరావు చీరల దొంతి సర్దుకున్నాడు. జ్వరం మాట తనది మరి.

అనుదీప్ ఒక్కొక్కణ్ణే దాటుకుంటూ వచ్చాడు. మలుపు దగ్గర ఇద్దరు ఒకరినొకరు తగులుకుని ఇసకలోకి పోయారు. తొమ్మిదో స్థానానికి వచ్చాక మాత్రం ముందున్నవాడు ఎటు పోతే అటు అడ్డం పడ్డాడు. చీర కొనడానికి వచ్చిన ఒకావిడ బేరం మానేసి, "కొట్టెయ్ బాబూ పక్కనుంచి," అంది. ఢిల్లీశ్వరరావు పిడికిట్లో జాకెట్టు గుడ్డ ఉండైపోయింది. అప్పటిదాకా వాడు ఓడితే కొట్టుకి వస్తాడని లోపల ఎక్కడో అనుకున్న మనిషి, "ఒరే, ఎల్లరా, ఎల్లిపోరా," అని తనకి తెలీకుండానే గొణుగుతున్నాడు. ఆఖరి చుట్టులో ముందున్నవాడు మలుపులో కాస్త వెడల్పుగా వెళ్ళాడు. ఆ సందులోంచి అనుదీప్ లోపలికి దూరాడు.

ఎనిమిది. పూనా కుర్రాడి కంటే ఒక్క పాయింటు పైన. పుణ్యవతికి లెక్క అర్థం కాలేదు గానీ, కొడుకు కళ్ళు తుడుచుకోవడం చూసి సంగతి తెలుసుకుంది.

అక్కడ అనుదీప్ హెల్మెట్టు తీశాడు. లోపల వేసుకునే తెల్లటి ముసుగు పచ్చగా ముద్దైపోయి ఉంది, ముఖం మామూలు రంగుకి వచ్చేసింది. అంత చెమట ముందు సెనగపిండి ఏపాటిది. నీరజ ఆ ముసుగుని రెండు వేళ్ళతో పట్టుకుని వాసన చూసి, బరంపురానికి ఫోను చేసింది. ఢిల్లీశ్వరరావుకి ఇవ్వమనలేదు, పుణ్యవతికే ఇవ్వమంది. "అమ్మా, పసుపే," అంది.

రాత్రికి పూనా కుర్రాడి తల్లి పుణ్యవతికి ఫోను చేసింది. ఆవిడ మాట ఈవిడకి రాదు, ఈవిడ మాట ఆవిడకి రాదు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఆ డాక్టరు మాత్రం అప్పట్నుంచీ పచ్చగా ఉన్నవాళ్ళని వదిలేసి, తెల్లగా ఉన్నవాళ్ళనే ఆపి చూస్తున్నాడని వినికిడి.