ముప్పై కుటుంబాల దాహం

"దాహంలో గూడ మన జిల్లానే నంబర్ వన్ కావాలె!" అని చెరకు రైతుల సలహా మండలి చైర్మన్ లింబయ్య గారు బోధన్ గెస్ట్‌హౌస్‌లో ప్రకటించారు. చప్పట్లు మోగాయి. మొదట కొట్టింది నేనే. పేపరుకు వార్తలు రాసేవాణ్ని, ఇలాంటి విషయాల్లో వెనకబడను. మా దగ్గర చక్కెర ఫ్యాక్టరీ తిరగక ఏళ్లయింది గానీ, చైర్మన్ గారి కారు మాత్రం ఒక్క రోజూ ఆగలేదు. అదీ కార్యదీక్ష!

సంగతేమిటంటే, హైదరాబాద్ నుంచి జ్యోతిరాణి అనే డాక్టరమ్మ మా నిజామాబాద్ జిల్లాలో పరిశోధన శిబిరం పెట్టడానికి వచ్చారు. స్కిజోఫ్రెనియా అనే మనసు జబ్బున్నవాళ్లలో కొందరు దాహం లేకపోయినా బిందెల కొద్దీ నీళ్లు తాగుతారట. రక్తంలో ఉప్పు పలచబడి ఫిట్స్ వస్తాయట, ప్రాణం కూడా పోవచ్చట. కొందరికే ఎందుకిలా అవుతుంది, అది వంశంలోంచి వస్తోందా అన్నది ఆవిడ ప్రశ్న. ముప్పై కుటుంబాలకే చోటు. చేరినవాళ్లకు మూడు నెలలపాటు వారం వారం రక్తపరీక్ష చేస్తారు, ఇంటికొచ్చి కనిపెట్టుకునే నర్సునూ ఇస్తారు.

అందరికంటే ముందు చందూర్ నుంచి ఈరవ్వ వచ్చింది. పెళ్లీడు దాటిన కొడుకు భూమేష్ చెయ్యి వదలకుండా పట్టుకుంది.

"పొద్దుగాల యాభై ఎనిమిది కిలోలుంటడు డాక్టరమ్మా. మాపటికి అరవై రెండు. వడ్ల కాంటా మీద రెండు పూటలా నిలవెడ్త. అంతకు మించితే ఫిట్స్ అస్తయి. రెండుసార్లు సావు దాక పోయచ్చిండు."

డాక్టరమ్మ రాయడం ఆపారు. "ఈ పద్ధతి నీకెవరు చెప్పారవ్వా? మేం వార్డులో చేసేది అచ్చం ఇదే!"

"ఎవలు జెప్తరు? వడ్లు తడిస్తె బరువెక్కయా?"

సరిగ్గా అప్పుడే చైర్మన్ గారు వేంచేశారు. బ్యానరు మీద 'వారసత్వ కారణాల పరిశోధన' అని చదివి అక్కడే నిలబడిపోయారు. కొడుకు భానుప్రసాద్‌కు ఎమ్మెల్యే టికెట్ అడిగితే, వారసులకు ఇచ్చేది లేదని పార్టీ తేల్చి చెప్పి అప్పటికి వారం కూడా కాలేదు.

"వారసత్వమంటే ఏంది డాక్టరమ్మా?"

"తండ్రి నుంచి కొడుక్కి వచ్చేదండీ."

"గదేగద నేను పార్టీకి జెప్తున్న! సైన్సు గూడ ఒప్పుకుందన్నట్టు. మావోని పేరు ఫస్టు రాయి."

"మీ అబ్బాయికి ఈ జబ్బుందా?"

"ఇప్పుడైతే లేదు. అవసరమైతే తెచ్చుకుంటడు."

ఆవిడ కుదరదన్నారు. పది నిమిషాల్లో పైనుంచి ఫోన్ వచ్చింది, కుదిరింది. భానుప్రసాద్ తర్వాత పార్టీ మండల అధ్యక్షులు లిస్టుకెక్కారు, తర్వాత వాళ్ల బావమరుదులు. బాల్కొండ నుంచి ఇద్దరు, భీమ్‌గల్ నుంచి ముగ్గురు. "మావాళ్లకీ ఒక సీటు ఇప్పించాలండీ, తాతల కాలం నుంచీ ఈ కాలవ నీళ్లే తాగుతున్నాం కదండీ" అని ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల తరఫున రత్తయ్య అడిగాడు. న్యాయమైన మాట. ఇచ్చారు. సాయంత్రానికి ముప్పై నిండాయి. ఈరవ్వకు వెయిటింగ్ లిస్టులో నంబర్ వన్ దక్కింది. నంబర్ వన్ అయినందుకు సంతోషించాల్సింది పోయి ఆమె ఏడ్చింది.

పరిశోధన జోరుగా సాగింది. మొదటి రోజు సాయంత్రం తూకంలోనే పదకొండు మంది బరువు పెరిగారు. అది మధ్యాహ్నం తిన్న బిర్యానీ అని డాక్టరమ్మ అభ్యంతరం.

"బిర్యానీ నీళ్లు వొయ్యకుంటనే వండుతరా?" అని అడిగారు చైర్మన్ గారు. పోనీ భూమేష్ రక్తమైనా పరీక్ష చేయిద్దామని ఆవిడ చూస్తే, "లిస్టుల లేని నెత్తురు మిషన్ల వెట్టద్దు మేడం" అని చైర్మన్ గారి పీఏ శేఖర్ మర్యాదగా ఆపాడు.

మూడు నెలలకు రిపోర్టు వచ్చింది. పరీక్షించిన ముప్పై కుటుంబాల్లో ఈ జబ్బు ఒక్కరికీ లేదు. కింద పేరుపేరునా రాశారు: 'భానుప్రసాద్, తండ్రి లింబయ్య. వారసత్వ లక్షణాలేవీ కనబడలేదు.'

చైర్మన్ గారి ముఖం మాడిపోయింది. ఇంకోసారి చదివారు. మూడోసారికి ఎగిరి గంతేశారు. "శేఖర్! జిరాక్స్ తియ్యి! యాభై!"

నాలుగో రోజు టికెట్ వచ్చేసింది. వారసుడు కాదని డాక్టరు సంతకంతో రుజువైన అభ్యర్థి దేశంలో ఇంకెవరున్నారు?

అభ్యర్థి తొలి కార్యక్రమం చందూర్‌లో పెట్టారు. జనం కష్టాలు రాసుకు రమ్మని శేఖర్‌ను ముందే పంపారు. "నా కొడుకుతోని నీళ్ల తిప్పలు సారూ" అంది ఈరవ్వ. శేఖర్ 'నీళ్ల తిప్పలు' అని రాసుకున్నాడు.

ఐదువేల లీటర్ల ట్యాంకర్ తెచ్చి ఆమె గడప ముందే నిలబెట్టారు. రెండు వైపులా భానుప్రసాద్ బొమ్మ, వెనక ఆరు నల్లాలు. రాత్రింబవళ్లు ఎవరైనా తిప్పుకోవచ్చు. భూమేష్ కళ్లు వాటి మీదే ఉన్నాయి. అభ్యర్థి స్వయంగా మొదటి గ్లాసు నింపి అతనికి చాచాడు. ఈరవ్వ ఉరికొచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"సిగ్గెందుకవ్వా? మన నీళ్లే" అన్నాడు భానుప్రసాద్.

"నీ కాల్మొక్త, బండి తీస్కపోండ్రి. నీళ్లతోనే వాని పాణం బోతది!"

"ఇన్నరా?" అని చైర్మన్ గారు మైకందుకున్నారు. "పిలగానికి నీళ్లంటే పాణమట!"

మళ్లీ చప్పట్లు. నా ఫోన్ కెమెరాలో మాత్రం ఆమె తల అభ్యర్థి ముఖానికి అడ్డొస్తోంది. కొంచెం పక్కకు జరగమని నేనే అన్నాను.

"జరిగితే వాడు తాగుతడు బిడ్డా" అంది. జరగలేదు.

ఈ రోజుల్లో అదేమంత పెద్ద సమస్య కాదు. ఫోన్‌లోనే ఆమెను చెరిపేసి పేపరుకు పంపాను. పొద్దున చూసుకుంటే ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. గ్లాసుకూ భూమేష్‌కూ మధ్య అడ్డెవరూ లేరు.