తీసేసిన బొమ్మల లేబుళ్లు

సంస్కృతి శాఖ మంత్రిగారు చిత్రశాల మెట్ల మీద నిలబడి, నెల తిరిగేలోగా దేశంలోని కళనంతా శుద్ధి చేస్తానని ప్రకటించారు. మగవాళ్లను ప్రేమించిన మగవాళ్లూ, ఆడవాళ్లను ప్రేమించిన ఆడవాళ్లూ వేసిన బొమ్మలు, చెక్కిన శిల్పాలు, కట్టిన బాణీలు ఇకపై ఉండవు. సంసారపక్షమైన కళ మాత్రమే ఉంటుంది. ఇంత పెద్ద పనికి ఇంత చిన్న గడువు పెట్టడానికి ఎంత గుండె కావాలి! అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో లేబుల్ మాస్టారు కూడా కొట్టారు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆ చేతులకు అది అలవాటైపోయింది.

లేబుల్ మాస్టారంటే ప్రతి బొమ్మ కిందా ఉండే అట్టముక్క రాసే మనిషి. దస్తూరి ముత్యాల కోవ. చరిత్రలో ఏ కళాకారుడు ఎవరితో కాపురం చేశాడో ఆయనకు కొట్టిన పిండి. కాకపోతే అలాంటి సంగతి వచ్చినచోట "అవివాహితుడు, కళకే అంకితమయ్యాడు" అని రాయడం శాఖ ఆనవాయితీ. అందుకే జాబితా తయారుచేసే పని ఆయన నెత్తిన పడింది.

"పదీ పన్నెండు బొమ్మలుంటాయేమో కదా మాస్టారూ?" అన్నారు డైరెక్టరుగారు.

"మొదటి గదిలోనా అండీ?"

మూడు రోజుల్లో నాలుగు గదులు ఖాళీ అయ్యాయి. స్టోర్‌కీపరు నిచ్చెన దిగకుండా అక్కడే టీ తాగాడు.

"ఇక గుమ్మటం ఉందండీ," అన్నారు మాస్టారు.

"గుమ్మటం ఏం చేసింది?"

"దాని ప్లాను గీసినావిడ నలభై ఏళ్లు ఒక స్నేహితురాలితో ఉన్నారు."

"అద్దె కలిసొస్తుందని ఉన్నారేమో."

"ఉత్తరాలు మన అలమరాలోనే ఉన్నాయండీ. వాటిలో అద్దె మాట లేదు."

డైరెక్టరుగారు పైకి చూశారు. "వానాకాలం వెళ్లేదాకా గుమ్మటం 'పరిశీలనలో ఉంది' అని రాయండి."

అసలు చిక్కు నిబంధనతో వచ్చింది. చిత్రశాలలో ఏ వస్తువు తీసినా, ఎందుకు తీశారో, దానికి ఆధారమేమిటో రాసి అదే చోట లేబుల్ పెట్టాలి. గోడ ఊరికే ఖాళీగా ఉంటే జనం దొంగలు పడ్డారనుకుంటారని పూర్వం ఎవరో పెద్దమనిషి పెట్టిన రూలు.

"కారణం ఏం రాయమంటారండీ?"

"ఉన్నదే రాయండి. ఉత్తర్వు మనదే కదా."

మాస్టారు రాశారు. "ఇక్కడి బొమ్మ వేసినవాడు ఒక వీణ కళాకారుణ్ణి చచ్చేదాకా ప్రేమించాడు. అందుకని తీసేశాం. ఆధారం: వీలునామా." మొదటి లేబుల్ రెండుసార్లు చింపి మళ్లీ రాశారు. పదోది రాసేసరికి ఈలపాట వచ్చింది. ముప్ఫై ఏళ్లుగా మింగిన మాటలు సర్కారు సిరాతో, సర్కారు అట్టల మీద బయటికొస్తుంటే ఆయనకు నిజంగా సంతోషం కలిగింది.

చివరికి ప్రవేశ హాల్లో ఒక్క బొమ్మ మిగిలింది. అది మంత్రిగారి నిలువెత్తు చిత్రం. వేసిన చిత్రకారుడు రెండేళ్ల కిందట పోయాడు. మాస్టారూ అతనూ ఇరవై ఆరేళ్లు ఒకే మేడమీద గదుల్లో ఉన్నారు. ఆసుపత్రి ఫారంలో బంధుత్వం దగ్గర "స్నేహితుడు" అని రాసినందుకు మాస్టార్ని చివరి రోజున తలుపు బయటే కూర్చోబెట్టారు. అతను పోయిన వారం రోజులకు, ఆ బొమ్మ కింద "అవివాహితుడు, కళకే అంకితమయ్యాడు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది కూడా మాస్టారే. అందుకు ఆయన తనను తాను క్షమించుకోలేదు. ఇప్పుడు నిజం రాస్తే ఉద్యోగం పోతుంది. రిటైర్మెంటు ఇంకా పదకొండు నెలలుంది.

శుద్ధి అయిన చిత్రశాల ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. స్వాగత గీతానికి బాణీ కట్టినాయన కూడా జాబితాలో ఉండటంతో, బ్యాండువాళ్లు వాయిద్యాలు పట్టుకుని మూడు నిమిషాలు మౌనంగా నిలబడ్డారు. మంత్రిగారు ఖాళీ గోడల వెంట నడుస్తూ "ఎంత శుభ్రంగా ఉందో" అని మెచ్చుకున్నారు. నడిచి నడిచి తన బొమ్మ దగ్గర ఆగారు. కెమెరాలు దగ్గరికొచ్చాయి.

"సంసారపక్షమైన కళంటే ఇదీ," అన్నారు. "ఆ కళ్లు చూడండి. మనిషిని ప్రేమించడం తెలిసినవాడే అలా వేయగలడు."

ముందు పెట్టిన కాగితం ఏదైనా గట్టిగా చదివేయడం వారికున్న సుగుణం. బొమ్మ కింద కొత్త లేబుల్ కనిపించింది. చదివేశారు.

"ఈ బొమ్మ వేసినవాడు ఇరవై ఆరేళ్లు ఒకే మనిషిని ప్రేమించాడు. ఆ మనిషీ మగవాడే. అందుకని దీన్ని తీసేస్తున్నాం. ఆధారం: ఈ లేబుల్ రాసినవాడు."

చదవడం పూర్తయ్యాక వారికి అర్థమైంది.

"బొమ్మ జోలికి వెళ్లకండి," అన్నారు మంత్రిగారు మెల్లగా. "ఆ లేబుల్ పీకేయండి."

"పీకొచ్చండీ," డైరెక్టరుగారు చెమట తుడుచుకున్నారు. "కాకపోతే లేబుల్ కూడా వస్తువు కిందే లెక్క. తీస్తే, ఎందుకు తీశామో..."

"రాయండి మరి."

మాస్టారు అప్పటికే జేబులోంచి కొత్త అట్ట తీశారు. పెన్ను మూత విప్పి మంత్రిగారి పక్కన నిలబడ్డారు.

"చెప్పండి సార్, కారణం ఏం రాయమంటారు?"

మంత్రిగారు బొమ్మ వంక చూశారు, కెమెరాల వంక చూశారు, మళ్లీ బొమ్మ వంక చూశారు. మాస్టారికి తొందరేం లేదు. పదకొండు నెలలుంది.