నూరా కోసం ఉపవాసం

"నా చేతిలో పెట్టిన ఏ ప్రాణీ ఇంతవరకు పస్తున్నది లేదు సార్!" అన్నాడు థామస్, శుక్రవారం పొద్దున్నే మేనేజర్‌గారిని ముహర్రక్ ఎయిర్‌పోర్టులో దింపుతూ. ముందురోజే ఆయన తన పెంపుడు ఫెర్రెట్ నూరాను, దాని తిండి పాకెట్లతో సహా అతనికి అప్పగించాడు. ముంగిసను కాస్త సాగదీసి కలిగినవాళ్లింట్లో గారాబంగా పెంచితే ఎలా ఉంటుందో, నూరా అలా ఉంటుంది.

"ఆ పాకెట్లు తప్ప ఇంకేమీ ముట్టదు, గుర్తుందిగా?" అన్నాడు మేనేజర్. మాంసం, ఎముక, కార్జం ఫ్యాక్టరీలో పచ్చిగానే కలిపి రుబ్బి, గడ్డకట్టించి పంపుతారట. విమానంలో రావాల్సిందే, ఇక్కడ దొరకవట. "కొన్ని గంటలకోసారి దాని కడుపులో పడాలి. అది నా బిడ్డ, థామస్. దానికేమైనా అయితే నీ ఉద్యోగం ఖలాస్."

జంతువు తిండి తన ఫ్రీజర్లో పెడితే భార్య లూర్దుమేరి ఊరుకోదు. అందుకని థామస్ ముందురోజే పాకెట్ల పైకాగితాలు ఒలిచేసి, మామూలు కవర్లో చుట్టి, ఫ్రీజర్ అడుగున దాచాడు. "దాని తిండి సంగతి నేను చూసుకుంటా" అన్నాడంతే.

ఆ శుక్రవారం తెలుగు సహవాసం, అంటే ఆ అరబ్బు దేశంలోని తెలుగు క్రైస్తవుల ప్రార్థన కూటం, రిఫాలోని వాళ్ల ఫ్లాట్‌లోనే. సహవాసం ఎవరింట్లో ఉంటే వాళ్ల ఫ్రీజర్ మీద అందరికీ హక్కే. ఒకరు చేపలు, ఒకరు కోళ్లు చెప్పకుండా తెచ్చి పడేసి పోతారు. అడుగున ఖీమా కనబడగానే లూర్దుమేరి ప్రభువుకు స్తోత్రం చెప్పి, అల్లంవెల్లుల్లి దట్టించి, మొత్తం కట్లెట్లు వేసేసింది.

ఎయిర్‌పోర్టు నుంచి మేనేజర్‌గారి పనులు కూడా చూసుకుని థామస్ తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం భోజనాలు సగమయ్యాయి.

"వందనాలు బ్రదర్!" అన్నారు పాస్టర్ ఫిన్నీ అయ్యగారు నములుతూనే. "సిస్టర్ ఏం కలిపారో గానీ, మధ్యమధ్యలో భలే కరకరలాడుతోందయ్యా!"

థామస్ కట్లెట్ చూశాడు. వెళ్లి ఫ్రీజర్ చూశాడు. ఆపైన కూర్చోడానికి కుర్చీ కోసం చూశాడు.

లోపలి గదిలో నూరా ముందు పెరుగన్నం పెట్టాడు. గుడ్డు పెట్టాడు. కొట్టుకు పరిగెత్తి మటన్ ఖీమా తెచ్చాడు. ఆఫీసులో థామస్ రాసిన లెక్కల్ని ఆడిటర్ చూసినట్టు నూరా దాన్ని చూసి, మొహం తిప్పుకుంది.

ప్రార్థన మనవులు చెప్పుకునే వేళకు అతని కళ్లు ఎర్రబడ్డాయి.

"ఏంటి బ్రదర్, ఆ దిగులు?"

"మా మేనేజర్‌గారు బిడ్డని మాకప్పగించి ఊరెళ్లారయ్యగారూ. అదేమీ తినట్లేదు."

"అమ్మ మీద బెంగేమో!"

"అమ్మ లేదండి."

హాలంతా ఉసూరుమంది. "చూసొద్దాం పదండి" అని లేచారు అయ్యగారు.

"నిద్రపోతోంది!" అని గది తలుపుకు అడ్డం పడ్డాడు థామస్.

"అయితే రేపు సాయంత్రం దాకా అందరం ఉపవాస ప్రార్థనలో ఉందాం."

అలా ఒక ఫెర్రెట్ తిండి తినేసిన సహవాసమంతా, అది తినడంలేదని తిండి మానేసింది.

అందరూ వెళ్లాక లూర్దుమేరి నిలదీసింది. "ఆ ముంగిసని పట్టుకుని బిడ్డంటారేంటండీ? ఏదో తిండి తెచ్చారుగా, పెట్టండి!"

"అయిపోయింది."

"అప్పుడేనా? ఏం కడుపండీ అది!"

శనివారం సాయంత్రానికి నూరా మూలన చుట్టచుట్టుకుపోయింది. థామస్ మనసులోనే రాజీనామా రాసుకుని, గది తలుపు మూయడం మరిచి, వచ్చి మోకరించాడు. హాల్లో మళ్లీ చేరినవాళ్ల పాటలు ఆకలితో నీరసంగా సాగుతున్నాయి. ప్రార్థనయ్యాక వండాల్సిన కోళ్లు వంటింట్లో గిన్నెలో ఉన్నాయి.

"ఆ బిడ్డ నోరు తెరువు ప్రభువా!" అని అయ్యగారు గొంతెత్తారు.

వంటింట్లో గిన్నె బోర్లాపడింది. కోళ్లన్నీ నేల మీద దొర్లాయి. పళ్లెంలో పెడితే మొహం తిప్పుకున్న నూరా, దొంగిలించిన పచ్చి కోడికాలును ఈడ్చుకుంటూ హాలు మధ్యకొచ్చింది.

"ఇదేంటి బ్రదర్?"

"బిడ్డేనండి," అన్నాడు థామస్. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "దీని తిండి నిన్న మనం తినేశామయ్యగారూ. ఆ కరకర ఎముకలదండి. తప్పు నాదే."

అందరూ నూరా వైపు తిరిగారు. అది ఎముక కొరికింది. కరకర! అయ్యగారు ఆ చప్పుడు గుర్తుపట్టారు.

"పోనీ, అన్నం పప్పు వండేస్తాను, ఉండండి," అంది లూర్దుమేరి. ఆకలి లేదన్నారందరూ.

ఆ సాయంత్రం ఉపవాసం విడిచింది నూరా ఒక్కతే.