దుప్పటి కింద బూట్లు

ఆ రోజు త్రినాథ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారకముందే లేవాలి. పెరటి తలుపు తీసుకుని బయటపడాలి. కాలవ గట్టు మీద కాసేపు పరిగెత్తి, ఊరు నిద్ర లేచేలోగా మళ్ళీ మంచమెక్కి, దుప్పటి కప్పుకుని, రోగిష్టివాడిలా మూలగాలి. ఆమదాలవలస బజారులో ఎరువుల దుకాణం నడుపుతున్న నలభై దాటిన మనిషి, సొంత ఇంట్లోంచి ఇలా దొడ్డిదారిన పోవడం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. దానికి కారణం నెల కిందట విశాఖపట్నంలో జరిగిన మారథాన్.

ఆ మారథాన్ కోసం అతను ఏడాది పాటు కష్టపడ్డాడు. పడితే పడ్డాడు, దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ యూరియాతో పాటు ఆ సంగతి కూడా చెప్పి పంపాడు. దాంతో స్నేహితులు పరుగు మొదలవకముందే దుకాణం ముందు ఫ్లెక్సీ కట్టేశారు. అందులో త్రినాథ్ రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు, కింద 'మన ఊరి పరుగుల వీరుడు' అని రాసి ఉంది. తీరా ఆ వీరుడు ముప్పాతిక దారి పరిగెత్తాక, ముందున్న ఎత్తు చూసి, ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాడు. నిర్వాహకుల వ్యాను అలాంటి వాళ్ళతో అప్పటికే నిండిపోవడంతో అతన్ని అంబులెన్సులో ఎక్కించారు.

దండ పట్టుకుని చివరి గీత దగ్గర నిలబడిన బావమరిది శివాజీ, విషయం తెలిసి పరిగెత్తుకొచ్చి, అంబులెన్సులో అరటిపండు తింటున్న బావకు ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టాడు. ఏమీ రాయలేదు, దండం గుర్తు మాత్రం పెట్టాడు. సాయంత్రానికల్లా చుట్టాలందరూ కలిసి త్రినాథ్‌కి గుండెజబ్బు ఖాయం చేశారు.

ఒక్క మాటతో పోయేదే. ఊరు చేరి దుకాణం ముందు దిగగానే నిజం చెబుదామని త్రినాథ్ నోరు తెరిచాడు కూడా. కానీ ఫ్లెక్సీ చూసి నవ్వుతారనుకున్న జనం కళ్ళనీళ్ళు పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఓడిపోయానని చెప్పుకోవడం కన్నా రోగినని ఒప్పుకోవడం అతనికి తేలికనిపించింది. "రెస్టు తీసుకోమన్నారు" అన్నాడు నీరసంగా.

ఇక పలకరింపులు మొదలయ్యాయి. రోగిని చూడడానికి ఉత్త చేతులతో ఎవరూ రారు కనుక, వచ్చిన ప్రతివాళ్ళూ ఒక బ్రెడ్డు పొట్లం పట్టుకొచ్చారు. మంచం పక్కన కుర్చీలో కూర్చుని, ఇదే జబ్బుతో పోయినవాళ్ళ కథలు వివరంగా చెప్పి, ధైర్యంగా ఉండమని లేచి వెళ్ళారు. ఇంట్లో పొద్దున్నా సాయంత్రం బ్రెడ్డు ఉప్మాయే.

"ఇంకెన్నాళ్ళండీ ఈ నాటకం? పిల్లలు బ్రెడ్డు పేరు చెబితే పారిపోతన్నారు" అంది భార్య సుహాసిని, పెరటి తలుపు దగ్గర నిలబడి. నిజం తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

"ఇజీనారంలో పది కిలోమీటర్ల పరుగుంది కదా. అదొక్కటీ కూకోకుండా పూర్తి సేస్తే, అప్పుడు అందరికీ నానే సెప్తాను" అన్నాడు త్రినాథ్, నారింజరంగు బూట్ల తాళ్ళు కట్టుకుంటూ. "లేకపోతే బతికినన్నాళ్ళూ కూకుండిపోయినోడి లాగే ఉండిపోతాను."

"మీ అత్తకి తెలిసిందంటే?"

మేనత్త దాలమ్మ నౌపడలో ఉప్పుమళ్ళు చూసుకునే మనిషి. తల్లిలేని త్రినాథ్‌ని పెంచింది ఆవిడే. మళ్ళీ పరుగనే మాట వినబడితే వచ్చి గుమ్మంలో చాప వేసుకుని కూర్చుంటానని ఫోనులో ముందే చెప్పింది. దాలమ్మ ఒక మాట అన్నదంటే చాప కూడా వెంట తెచ్చుకుంటుంది.

"వచ్చేముందు ఫోను సేస్తాదిలే" అని చెప్పి, ఎవరైనా గుర్తుపడతారేమోనని మూతికి తువ్వాలు చుట్టుకుని, త్రినాథ్ చీకట్లోకి జారుకున్నాడు.

దాలమ్మ ఫోను చేయలేదు. మేనల్లుడు మంచం మీద ఉంటే ఫోనులేమిటని తెల్లవారుజాము రైలెక్కేసింది. స్టేషన్‌లో దిగి గోపి ఆటో ఎక్కింది. దారిలో కొబ్బరిబొండాల బండి కనబడగానే ఆటో ఆపించి బేరం మొదలుపెట్టింది. గుండెజబ్బు వాడికి లేత బొండాలే ఇవ్వాలి కనుక ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తోంది. సరిగ్గా ఆ సమయానికి త్రినాథ్ కాలవ గట్టు దిగి రోడ్డెక్కాడు.

అత్తను చూశాడు. గుండె నిజంగానే ఒకసారి ఆగింది. వెనక్కి తిరిగితే ఇల్లు చేరేది ఆవిడ తరవాతే. ముందుకు పోవాలంటే ఆటో పక్కనుంచే పోవాలి. తువ్వాలు కళ్ళ దాకా లాక్కుని, తల వంచుకుని, ఒక్క ఉదుటున ఆటోను దాటాడు.

"ఓలమ్మో! ఎవడ్రా ఆడు, మూతికి గుడ్డ సుట్టుకొని పరిగెడతన్నాడు?" అంది దాలమ్మ.

"దొంగేమోనమ్మా" అన్నాడు గోపి.

"ఏమో ఏటిరా? దొంగ కాకపోతే తెల్లారగట్ల మూతికి గుడ్డెందుకు? ఒరే, దొంగ! దొంగ! పట్టుకోండ్రా!"

ఉప్పుమళ్ళలో ఈ చివరి నుంచి ఆ చివరికి వినబడేలా అరిచి అలవాటైన గొంతు అది. పాలవాడు మోటారుసైకిలు తిప్పాడు. వాకింగుకి బయల్దేరిన పెద్దమనుషులు వాకింగు మాని పరుగందుకున్నారు. రైసుమిల్లు దగ్గర బస్తాలు దించుతున్నవాళ్ళు బస్తాలొదిలేసి వచ్చారు. వీళ్ళందరి వెనక, బొండాలూ దాలమ్మా సహా గోపి ఆటో.

అక్కడే ఆగి తువ్వాలు తీసేస్తే సరిపోయేది. కానీ తువ్వాలు తీస్తే దొంగతనం పోయి అబద్ధం బయటపడుతుంది, అదీ ఊరందరి ముందు, అత్త ముందు. త్రినాథ్ కాళ్ళకు పని చెప్పాడు. విశాఖపట్నంలో ఎత్తు చూసి చతికిలబడ్డ కాళ్ళు ఇవేనా అన్నట్టు అవి రోడ్డు దిగి, పొలం గట్లు పట్టుకుని, రెండు పంటబోదెలు దాటి, తమ సందులోకి దూసుకొచ్చాయి. మోటారుసైకిలు కూడా వెనకబడిపోయింది. త్రినాథ్ పెరటి గోడ ఎక్కి లోపలికి దూకాడు.

"ఏటండీ ఆ గోల?" అంది సుహాసిని.

"దొంగని తరుముతన్నారు."

"ఎవర్ని?"

"నన్నే. అత్త వచ్చేసినాది!" అంటూ మంచం మీద పడి, దుప్పటి మెడ దాకా లాక్కున్నాడు. తువ్వాలు దిండు కింద దోపాడు. బూట్లు విప్పుకునే వ్యవధి లేకపోయింది.

దొంగ సంగతి తరవాత, ముందు రోగి అనుకుంది కాబోలు, దాలమ్మ సరాసరి గదిలోకి వచ్చి బొండాలు కింద పెట్టి, మేనల్లుడి గుండె మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి వేసినట్టే ఉండిపోయింది.

"ఓలమ్మ, నా బాబో! గుండి రైలింజను లాగ కొట్టుకుంటన్నాది! ఒళ్ళంతా సెమటే! ఓలె సుహాసినీ, బేగి రాయే!"

త్రినాథ్ మాట్లాడదామనుకున్నాడు. ఊపిరి అందక "అ... అ..." అన్నాడు. అదింకా ప్రమాదంగా వినబడింది.

"కంగారు పడకండి పిన్నీ. రోజూ పొద్దున్న ఇలాగే ఉంటాది, కాసేపటికి అదే తగ్గిపోతాది" అంది సుహాసిని, భర్త కళ్ళతో చేస్తున్న సైగలు చూసి.

"రోజూనా! రోజూ మనిషి ఇలగైపోతంటే ఇంట్లో ఎట్టుకొని కూకున్నావా? ఒరే గోపీ!"

సందులో దొంగ కోసం వెతుకుతున్నవాళ్ళందరూ లోపలికి వచ్చారు. దుప్పటితో సహా త్రినాథ్‌ని ఎత్తారు. ఇంతసేపూ పట్టుకోలేకపోయిన మనిషిని తలో చెయ్యీ వేసి, జాగ్రత్తగా ఆటోలో పడుకోబెట్టారు. "దొంగ ఎక్కడికీ పోడమ్మా, ఈ సందులోనే దూరినాడు. మావోళ్ళు కాపలా ఉంటారు, నువ్వు ముందు బాబుని సూడు" అని గోపి ఆటో తీశాడు.

ఊళ్ళో చిన్న ఆసుపత్రి నడిపే డాక్టర్ అనిత నిద్రకళ్ళతోనే వచ్చింది. ఛాతీకి, చేతులకి తీగలు తగిలించి, కాళ్ళకు తగిలించడానికి దుప్పటి తీసేసింది. నిండా బురదతో నారింజరంగు బూట్లు బయటపడ్డాయి.

గుమ్మంలోంచి తొంగిచూస్తున్న గోపి రెండడుగులు లోపలికి వేశాడు.

"ఈ బూట్లా! పొద్దున్నుంచి వీటెనకాలే కదండీ నాను ఆటో తోలినాను!"

దాలమ్మ బూట్లకేసి చూసింది, మేనల్లుడి మొహంలోకి చూసింది, మళ్ళీ బూట్లకేసి చూసింది. ఈలోగా డాక్టర్ కాళ్ళకు కూడా తీగలు తగిలించింది, మిషన్‌లోంచి కాగితం వచ్చింది.

"గుండె బ్రహ్మాండంగా ఉందమ్మా. ఈ వయసులో ఇలాంటి గుండె నేను చూడలేదు" అంది డాక్టర్.

"మరలగ కొట్టుకుంటన్నాదేటి?"

"పరిగెత్తితే ఎవరికైనా కొట్టుకుంటుంది."

దాలమ్మ స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. "ఇప్పుడు సెప్పరా. ఇసాపట్నంలో ఏటైనాది? కాలు పట్టేసినాదా?"

"నేదత్తా."

"కళ్ళు తిరిగినాయా?"

"నేదు. ఏటీ అవనేదు. ఇంక నా వల్ల కాదనిపించినాది. కూకుండిపోనాను."

నెల రోజులుగా గొంతులో అడ్డుపడి ఉన్న మాట అది. బయటికి రాగానే త్రినాథ్‌కి ఏడుపొచ్చింది. దాచుకోవడానికి దుప్పటి కూడా లేదు.

దాలమ్మ కొంగుతో అతని మొహం గట్టిగా, సామాను తుడిచినట్టు తుడిచింది. "దానికేటిరా? అలుపొస్తే కూకోరేటి? ఉప్పుమడిలో నానెన్నిసార్లు కూకోనేదు? కూకోడం తప్పు కాదు. మల్లీ లెగనేదు సూడు, అది తప్పు. దానికి గుండిజబ్బని సెప్పుకొని ఊరందరి బ్రెడ్డూ తింటావా, సిగ్గునేదూ?"

"ఉన్నాదత్తా" అన్నాడు త్రినాథ్. చెప్పలేనంత హాయిగా ఉంది అతనికి.

దాలమ్మ డాక్టర్ వైపు తిరిగింది. "అమ్మా, ఈడు పరిగెట్టొచ్చా?"

"పరిగెత్తొచ్చేమిటి, రోజూ పరిగెత్తాలి. మెల్లగా పెంచుకుంటూ పోతే చాలు."

ఆ మాటల్లో 'మెల్లగా' అన్నది దాలమ్మ చెవికి ఎక్కలేదు. 'రోజూ' అన్నది మాత్రం మందుల చీటీలా పట్టుకుంది. అన్న మాట ప్రకారం గుమ్మంలో చాప వేసుకుంది గానీ, అది అతన్ని బయటికి పోకుండా ఆపడానికి కాదు. ఊరు రెండు రోజులు కడుపుబ్బ నవ్వుకుని మరిచిపోయింది. బ్రెడ్డు రావడం ఆగిపోయింది, పిల్లలు సంతోషించారు.

త్రినాథ్ సంతోషం మాత్రం ఎన్నాళ్ళో నిలవలేదు. తెల్లవారుజామున గోపి ఆటో వాకిట్లో హారను కొట్టేది. ముందు త్రినాథ్, వెనక ఆటోలో బొండం ఒళ్ళో పెట్టుకుని దాలమ్మ. ఒళ్ళు బద్ధకంగా ఉందన్నా, వాన చినుకులు పడుతున్నాయన్నా, "డాక్టరమ్మ రోజూ అన్నాది" అనేది. అతను కాస్త వేగం తగ్గిస్తే అరవడానికి ఆవిడకు ఒక్క మాటే వచ్చు. "దొంగ! దొంగ!" అని కేక వినబడగానే త్రినాథ్ కాళ్ళు వాటంతటవే లేచేవి. ఊరివాళ్ళు అలవాటుపడిపోయి, నిజంగా దొంగ వచ్చినా పట్టించుకోని స్థితికి వచ్చారు.

విజయనగరంలో పరుగు రోజు రానే వచ్చింది. మరో మలుపు తిరిగితే చివరి గీత ఉందనగా త్రినాథ్‌కి ఫుట్‌పాత్ కనబడింది. నీడగా, చల్లగా, మనిషి కూర్చోవడానికే కట్టినట్టుంది. కాళ్ళు అటువైపు లాగాయి. ఒక్క క్షణం కూర్చున్నాడు కూడా. రోడ్డు పక్క జనంలోంచి, శివాజీ పక్కన నిలబడ్డ దాలమ్మ అది చూసింది. చేతిలో బొండం శివాజీకి ఇచ్చి, నౌపడ దాకా వినబడేలా ఆ ఒక్క మాటా అరిచింది.

త్రినాథ్ లేచాడు. చివరిదాకా పరిగెత్తాడు. అనుకున్నదానికన్నా మంచి స్థానమే వచ్చింది, ఫ్లెక్సీ మళ్ళీ కట్టారు. అయితే ఆ కేక విని, అతని ముందు పరిగెడుతున్న ఇద్దరు పెద్దమనుషులు ఆగి జేబులు తడుముకోకపోతే అంత మంచి స్థానం వచ్చేది కాదని శివాజీ ఇప్పటికీ అంటాడు.