మూడో షిఫ్టుకు బటన్ లేదు

ఇస్నాపూర్ చౌరస్తా దాటాక ఎడమచేతి వైపు ఉన్న గేర్ల ఫ్యాక్టరీలో, 2007వ సంవత్సరం చలికాలంలో, ఒక సోమవారం నుంచి మౌసులను నిషేధించడమైనది. ఉత్తర్వు వెలువడగానే క్యాంటీన్ కాంట్రాక్టరు వచ్చి, తన బియ్యం గదిలోని వాటికి కూడా ఇది వర్తిస్తుందా అని ఆశగా అడిగాడు. వర్తించదని ఆఫీసు స్పష్టం చేసింది. అవి యథాప్రకారం పని చేసుకోవచ్చు.

నిషేధానికి మూలపురుషుడు జనరల్ మేనేజర్ బాపిరాజు గారు. హైదరాబాదులో పెద్ద హోటల్లో జరిగిన సెమినారుకు వెళ్లి, భోజనాలయ్యాక కూడా మెలకువగా ఉన్న ఏకైక ప్రతినిధిగా పేరు తెచ్చుకుని తిరిగొచ్చారు. ఇంటర్నెట్టు చూసేవాడు కీబోర్డు మీది చెయ్యి తీసి మౌసు మీద పెట్టి, మళ్లీ కీబోర్డు మీదికి తేవడంలోనే దేశం వెనకబడిపోతోందని ఆయనకు అక్కడే తెలిసింది. "చెయ్యి ప్రయాణం చేయకూడదు! ప్రయాణం చేసే చెయ్యి పని చేయదు!" అని ఆఫీసు సిబ్బందిని నిలబెట్టి ఉపన్యసించారు. సిబ్బంది చప్పట్లు కొట్టారు. చప్పట్ల కోసం చేతులు చేసిన ప్రయాణాన్ని ఆయన పెద్దమనసుతో క్షమించారు.

ఫలితాలు అద్భుతం. అంతకుముందు క్రికెట్ స్కోరు, పెళ్లి సంబంధాలు, రైలు టిక్కెట్లు చూసుకునేసరికి ఆఫీసు వాళ్లకు సాయంత్రం అయ్యేది. ఇప్పుడు ట్యాబ్ నొక్కితే ముందుకు, స్పేస్ నొక్కితే కిందికి, అదే పనంతా మధ్యాహ్నానికే తెమిలిపోయేది. మిగిలిన పూట ఏం చేయాలో ఉత్తర్వులో లేదు గనుక, స్కోరు పేజీని మళ్లీ తాజాగా తెచ్చే ఎఫ్-ఐదు నొక్కుతూ కూర్చునేవారు. ఎఫ్-ఐదు ఎంత నొక్కినా బ్యాట్స్‌మన్ తొందరపడలేదు, అది వేరే విషయం.

ఇంతటి విజ్ఞానం ఆఫీసు గదిలో మగ్గిపోకూడదని, షార్ట్‌కట్లన్నీ తెలుగులో రాసి బోర్డు మీద అంటించమని మేనేజరు గారు టైపిస్టు సుందర్‌రాజును ఆదేశించారు. సుందర్‌రాజు ఆదివారాలు చర్చి కరపత్రాలు రాసిపెట్టే మనిషి. కలం పట్టాడంటే అతనికి చిన్న మాట రాదు. ఆఫీసు బోర్డు నిండా బాపిరాజు గారు సెమినారులో శాలువా కప్పించుకుంటున్న ఫొటోలే ఉండడంతో, ఆ కాగితాన్ని గేటు దగ్గర కార్మికుల డ్యూటీ బోర్డు మీద పెట్టారు. 'షార్ట్‌కట్లు' అన్న శీర్షిక కాస్తా బోర్డు చట్రం కిందికి పోయింది. కనబడేది ఇంతే:

"కంట్రోల్ + టి : నూతనమైనది తెరువబడును.
కంట్రోల్ + డబ్ల్యూ : తెరువబడినది మూయబడును.
కంట్రోల్ + షిఫ్ట్ + డిలీట్ : చరిత్ర యావత్తు తుడిచివేయబడును. అది మరల రాదు."

మన వైపు కంట్రోల్ అంటే రేషనని మీకు వేరే చెప్పనక్కర్లేదు. కంట్రోల్ దుకాణం, కంట్రోల్ బియ్యం, కంట్రోల్ గ్యాసునూనె. టి అంటే ఛాయ్. షిఫ్ట్ అంటే ఏ, బి, సి. చరిత్ర అంటే సర్వీసు. ఇంత తేటగా ఏ యాజమాన్యమూ ఇంతవరకు ఏ ఉత్తర్వూ రాయలేదు.

పొద్దున డ్యూటీ దిగి వస్తూ దాన్ని మొదట చదివింది లింగం. సి షిఫ్టు మనిషి, అంటే ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. ఊరు హత్నూర. ఇంటికి పోయి ఒక కునుకు తీసి, పొలానికి కరెంటు వచ్చినప్పుడు మోటరు వేసి, యాసంగి మక్కజొన్న చేనుకు నీళ్లు పెట్టుకుని, సాయంత్రం బస్సుకు మళ్లీ వస్తాడు. పగటి డ్యూటీ వేస్తే పొలం ఎండుతుంది, డ్యూటీ మానేస్తే ఇల్లు ఎండుతుంది. అతని సంసారం మొత్తం సి షిఫ్టు మీదే నడుస్తోంది. కాగితం చదివి లింగం నిజంగానే భయపడ్డాడు.

"యాదన్నా, జెర ఇటు రా. ఛాయ్ గూడ కంట్రోల్ల పెట్టిండ్రే! షిఫ్ట్ తీసేస్తరట. మన సర్వీసంత తుడిచేస్తరట," అని కేకేశాడు.

యాదన్న యూనియన్ అధ్యక్షుడు. ఊరికే నమ్మే మనిషి కాదు, రుజువు కావాలి. నేరుగా ఆఫీసులోకి పోయి, ఒక కీబోర్డు పీక్కొచ్చి, గేటు ముందర స్టూలు మీద పెట్టి వేలితో చూపించాడు.

"సూడుండ్రి. ఇగో, ఈ పక్క ఒక షిఫ్ట్. ఆ పక్క ఒక షిఫ్ట్. మనకు నడిచేటియి మూడు. మూడోది ఏడ వోయింది?"

అందరూ వంగి లెక్కపెట్టారు. కీబోర్డును బోర్లా తిప్పి కూడా చూశారు. మూడో షిఫ్టుకు బటన్ లేదు. లోపల మిషన్లు ఆగిపోయాయి.

బాపిరాజు గారు మెట్ల మీద నిలబడి ప్రసంగించారు. "సోదరులారా! మీరు అపార్థం చేసుకున్నారు. కంట్రోల్‌ను గట్టిగా పట్టుకోవాలి. షిఫ్ట్‌ను కూడా పట్టుకోవాలి. చివరిదాకా వదలకూడదు!"

కార్మికుల కోసం ఇంత తెగించి మాట్లాడిన మేనేజరును పటాన్‌చెరు ఏరియాలో ఎవరూ చూసి ఉండలేదు. చప్పట్లు, ఈలలు. "బాపిరాజు సార్ జిందాబాద్!"

"రెండూ అట్టే పట్టుకుని, అప్పుడు డిలీట్ కొట్టాలి!" అని ఆయన ముగించారు.

జిందాబాద్ నడిమధ్యలో ముర్దాబాద్‌గా మారింది.

చివరకు లాభం లేదని యాదన్ననూ లింగాన్నీ ఇంకొందరినీ తన గదిలోకి పిలిచి, సొంత కంప్యూటరు మీదే చూపించారు. "చరిత్ర అంటే మీ సర్వీసు కాదయ్యా. ఇంటర్నెట్టులో మనం ఏమేం చూశామో దాని జాబితా. ఇదిగో." జాబితా తెరుచుకుంది. వారఫలాలు. బట్టతలకు తైలం. మళ్లీ వారఫలాలు. ప్రమోషన్ రావాలంటే ఏ వేలికి ఏ రాయి. బాపిరాజు గారు మూడు బటన్లనూ ఎంత చురుగ్గా నొక్కారంటే, షార్ట్‌కట్ వల్ల మానవజాతికి కలిగే మేలు ఏమిటో అందరికీ ఒక్కసారిగా అర్థమైంది.

నవ్వుకుంటూ బయటికొచ్చారు. లింగం మనసు కుదుటపడింది. "గిది కంప్యూటర్ ముచ్చట. మన షిఫ్ట్ గాదు," అని గేటు దగ్గర అందరికీ చెప్పాడు. అప్పటి నుంచి బోర్డు చూసి కంగారుపడే వాళ్లకు ధైర్యం చెప్పే బాధ్యత తన మీదే వేసుకున్నాడు.

మేనేజరు గారు జరిగినదంతా హెడ్డాఫీసుకు రాసి పంపారు. అక్కడి పెద్దలు చదివి ఆలోచనలో పడ్డారు. సి షిఫ్టును తీసేయవచ్చన్న సంగతి అంతవరకు వాళ్లకు తట్టనేలేదు. ఇంత చక్కని సూచన సాక్షాత్తు కార్మికుల నోటి నుంచే రావడం అభినందనీయమని జవాబు రాశారు.

అలా బోర్డు మీదికి ఇంకో కాగితం వచ్చింది. అదీ సుందర్‌రాజు తెలుగే. "సి షిఫ్ట్ తొలగింపబడును. అభ్యంతరము గలవారు శనివారములోగా తెలుపవలెను. తెలుపనిచో సమ్మతించినట్లు భావింపబడును."

జనం మూగారు. లింగం వాళ్లను తోసుకుంటూ ముందుకొచ్చి, చదివి, పగలబడి నవ్వాడు.

"మల్ల పరేషాన్ అయితుండ్రా? ఇది గూడ కంప్యూటర్ ముచ్చటనే. షిఫ్ట్ పట్టుకొని సి కొడితే పెద్ద సి వడతది. గది బంద్ చేసిండ్రు, గంతే. పోండ్రి, పోయి పని జేసుకోండ్రి."

మూడు షిఫ్టుల వాళ్లూ నవ్వారు. యాదన్న కడుపు పట్టుకుని నవ్వాడు. శనివారం వచ్చింది, పోయింది. ఒక్క అభ్యంతరం కూడా అందలేదు.

సోమవారం నుంచి సి షిఫ్టు లేదు. లింగానికి పగటి డ్యూటీ వేశారు. షిఫ్ట్ తీసేయడమన్న మాట మొదట అన్నది అతనే గనుక, ఉత్తమ సూచన చేసినందుకు సభ పెట్టి, శాలువా కప్పి, రాత్రి డ్యూటీలో ఛాయ్ చల్లారకుండా ఉండే ఫ్లాస్కు ఒకటి బహూకరించారు. అతను ఆ ఫ్లాస్కును చంకలో పెట్టుకుని సుందర్‌రాజును పక్కకు పిలిచాడు.

"సారూ, ఎనకకు పోనీకి గూడ ఏదో బటన్ ఉంటదట గదా?"

"ఆల్ట్, ఎడమ బాణం," అన్నాడు సుందర్‌రాజు తల దించుకుని.

యాదన్న పీక్కొచ్చిన కీబోర్డు ఇంకా గేటు దగ్గర స్టూలు మీదే ఉంది. లింగం వంగి ఆ రెండు బటన్లూ నొక్కాడు. కాసేపు ఆగి మళ్లీ నొక్కాడు. దాని వైరు స్టూలు కిందికి ఊరికే వేలాడుతోంది. ఆ నెలలోనే అతని మక్క ఎండిపోయింది.

పాఠక మహాశయులకు ఒక మనవి. ఇక్కడిదాకా చదువుతూ మీరు కూడా నవ్వినట్లు మా దృష్టికి వచ్చింది. మీకు అభ్యంతరం లేదని రాసుకుంటున్నాం.