నేలమాళిగలో పన్నెండు మంది

"నాలుగు రోజుల్నుంచి మోకాలు కదలట్లేదండీ. లేచి నిలబడలేకపోతున్నా," అంది నేల.

మఠం శిథిలాల్లో బోర్లా పడుకుని, గాలి రంధ్రానికి చెవి ఆనించి వింటున్న ఫిర్మాన్‌కు చెమటలు పట్టాయి. ఊళ్ళో సగం మంది అతని వెనకే నిలబడ్డారు. అందరి కళ్ళూ అతని మీదే. సాన్వెర్జీ గ్రామ అగ్నిమాపక దళానికి నాయకుడు అతనే మరి.

"విన్నారా? నాలుగు రోజులట!" లియోన్ నగరం నుంచి సైకిల్ మీద వచ్చిన ఒకావిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "పాత గోడలు చూద్దామని సైకిల్ బాట దిగి వచ్చాం. మా ఆయన ఫొటో తీస్తుంటే నా కాళ్ళ కిందనుంచి ఎవరో మాట్లాడారు!"

లోపల మనిషి లేడని ఆ గుంపులో ఫిర్మాన్‌కు ఒక్కడికే తెలుసు. ఉన్నది రేడియో. దాన్ని అక్కడ పెట్టింది తనే.

మఠం గోడ దాటితే అతని ద్రాక్షతోట. కోత రేపే. వారం రోజులుగా అడవిపందులు దిగి, పండిన గుత్తులను విందు భోజనంలా లాగించేస్తున్నాయి. పాటలు పెట్టి చూశాడు. అవి ఇంకాస్త తీరిగ్గా తిన్నాయి. మనుషుల కబుర్లు వినిపిస్తే మాత్రం తోక ముడుస్తున్నాయని కనిపెట్టాడు. అందుకని రేడియోను తాడుకు కట్టి గాలి రంధ్రంలోంచి నేలమాళిగలోకి వేలాడదీశాడు. వానకు తడవదు, రాతి గోడల పుణ్యమా అని గొంతు తోటంతా మోగుతుంది. ఇవాళ పొద్దున పైకి లాగుతుంటే తాడు తెగింది. రేడియో కింద పడింది గాని నోరు మూయలేదు.

ఆ మాట చెప్పేస్తే సరిపోయేది. కానీ రేడియో అతని భార్య జిస్లేన్‌ది. వంటింట్లోది. అది మాయమైన రోజున కాఫీకి వచ్చింది ఫిర్మాన్ అక్క ఒర్తాన్స్. "మీ అక్కే ఎత్తుకుపోయింది" అని జిస్లేన్ అంటే ఫిర్మాన్ కాదనలేదు. కాదనకపోగా, "అక్కకు చిన్నప్పట్నుంచీ చెయ్యి ఊరుకోదులే" అని ఒక మాట కలిపాడు. ఆ సాయంత్రమే వదినా మరదళ్ళు ఫోన్లో ఒకరినొకరు చెరిగేసుకున్నారు. అప్పటినుంచి మాటల్లేవు. ఇప్పుడు నిజం బయటపడితే ఫిర్మాన్‌కు ఇంట్లో నిలువ నీడ ఉండదు.

"అందరూ వెనక్కి జరగండి!" అని అరిచాడు లేచి. "ఇంతమంది తొక్కితే పైకప్పు కూలుతుంది. సైకిల్ బాట దాకా వెళ్ళిపోండి. నేనొక్కణ్ణే దిగుతా."

"ఎందులోంచి దిగుతావ్?" అన్నాడు బాజిల్. బాజిల్ ఊరికి రొట్టెలు కాల్చేవాడు, దళంలో ఫిర్మాన్‌కు కుడి భుజం. రంధ్రం వైపు చూశాడు, ఫిర్మాన్ పొట్ట వైపు చూశాడు. "నీ కాలు కూడా పట్టదు బాసూ."

ఇంతలో నేలలోంచి ఆడగొంతు వచ్చింది. "ముందు మీరు కంగారు పడకండి. గాలి నిండా పీల్చుకోండి. మెల్లగా వదలండి."

"ఆడమనిషి కూడా ఉంది!" జనం గోల పెట్టారు.

"ఆయనకు ధైర్యం చెబుతోంది పాపం, తను ఎలా ఉందో ఏమో," లియోన్ ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

ఆ ఆడగొంతు వెనకే ప్రకటన సంగీతం మొదలవబోతున్న సంగతి ఫిర్మాన్‌కు తెలుసు. ఒక్క గెంతులో దళం బండి ఎక్కి సైరన్ మోగించాడు. ప్రకటన అయిపోయిందనుకున్నాక ఆపాడు.

"అదెందుకు?" అన్నాడు బాజిల్ చెవులు మూసుకుని.

"మనం వచ్చామని వాళ్ళకు తెలియాలి కదా."

మేయర్ ఓక్తావ్ చెమటలు కక్కుకుంటూ అప్పుడే వచ్చాడు. మార్చిలో ఎన్నికలు. భూమి కింద మనుషులున్నారంటే ఆయన ముఖంలో దిగులు, ఉత్సాహం సమపాళ్ళలో కనిపించాయి.

"మేయర్ గారూ," ఫిర్మాన్ ఆయన్ని పక్కకు లాగాడు. "ఏదన్నా... రేడియో లాంటిదేమో అని నా అనుమానం."

"రేడియోనా?" ఓక్తావ్ మోకాళ్ళ మీద కూర్చుని రంధ్రంలోకి కేక పెట్టాడు. "ఏమండోయ్! ఉన్నారా?"

"ఉన్నానండీ, ఉన్నాను," అంది నేల. "నా మాట మీకు వినిపిస్తోందా?"

"చాలా బాగా వినిపిస్తోంది!"

"చాలాసేపటి నుంచి ప్రయత్నిస్తున్నానండీ. ఇప్పటికి దొరికారు."

ఓక్తావ్ లేచి ఫిర్మాన్ వైపు చూశాడు. "నువ్వు రాత్రి సరిగ్గా నిద్రపోయావా?" అని మాత్రం అడిగాడు.

తరవాత అరగంటలో పరిస్థితి చెయ్యి దాటింది. లోపలి మగమనిషి ఉల్లిపాయలు సన్నగా తరిగి వెన్నలో దోరగా వేయించమని చెప్పాడు. ఆకలికి కలవరిస్తున్నాడని బాజిల్ తేల్చి, కొట్టుకు పరుగెత్తి, పొడుగు రొట్టెలను ఒకదాని తరవాత ఒకటి రంధ్రంలోకి తోశాడు. అంతలో ఆదివారం ప్రార్థన వేళ అయింది. నేల అడుగునుంచి గంభీరంగా కీర్తన లేచింది. ఒక గొంతు కాదు, బోలెడు గొంతులు.

జనం టోపీలు తీసేశారు.

"పది మందికి తక్కువ ఉండరు," అని గొణిగాడు ఓక్తావ్. అంతలోనే పాము మీద కాలేసినట్టు ఎగిరిపడ్డాడు. "మాకోన్ సైకిల్ సంఘం! పొద్దున్నే మన ఊరి వైన్ రుచి చూడ్డానికి రావాలి. పన్నెండు మంది. ఇప్పటికీ రాలేదు!"

"వాళ్ళైతే నాలుగు రోజుల్నుంచి మోకాలు..." అనబోయాడు ఫిర్మాన్.

"నొప్పితో ఉన్నవాడికి గంట కూడా నాలుగు రోజుల్లాగే ఉంటుందయ్యా! నీకసలు మనసుందా?"

మఠం గోడ పగలగొడితే పని అయిపోయేది. కానీ అది ఎనిమిది వందల ఏళ్ళ నాటి కట్టడం. పై అధికారుల అనుమతి లేకుండా ఒక్క రాయి కదిపినా మేయర్ కోర్టు మెట్లెక్కాలి. ఓక్తావ్ వాళ్ళకు ఫోన్ చేశాడు. సోమవారం తెరుస్తామని యంత్రం జవాబిచ్చింది.

"సోమవారం దాకా ఆగుదామండీ," అన్నాడు ఫిర్మాన్ ఆశగా.

ఓక్తావ్ గోడను చూశాడు. గోడ పక్కనున్న తోటను చూశాడు. మంచు విడిపోయి, ఎండలో నల్లగా నిగనిగలాడుతున్న గుత్తులను చూశాడు.

"నేలమాళిగ కొస నీ తోట కిందికి వస్తుంది కదూ?"

"రాదు," అన్నాడు ఫిర్మాన్.

"వస్తుందని మీ నాన్నే చెప్పేవాడు. అక్కణ్ణుంచి తవ్వుదాం. గోడను ముట్టుకుంటే నేరం. ద్రాక్ష తీగల మీద అలాంటి చట్టమేదీ లేదు."

"మేయర్ గారూ! రేపు కోత! ఏడాది పంట!"

"పన్నెండు ప్రాణాలు ఫిర్మాన్! అదీ నువ్వు, దళం నాయకుడివి!"

పొక్లెయిన్ బురబురమంటూ వచ్చింది. మొదటి వరుస వేళ్ళతో సహా లేచి పక్కకు పడింది. యంత్రం చేరలేని చోట పారలు దిగాయి. అప్పుడే సైకిల్ బాట మీదనుంచి పసుపు చొక్కాల గుంపొకటి ఆడుతూ పాడుతూ వచ్చింది. దారిలో ఎవరి నేలమాళిగలోనో వైన్ రుచి కాస్త ఎక్కువసేపు చూసినట్టున్నారు, ముఖాలు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైందండీ?"

"కింద సైకిల్ వాళ్ళు చిక్కుకుపోయారు. పన్నెండు మంది."

"అయ్యయ్యో, మనవాళ్ళే!" అంటూ సైకిళ్ళను తీగల మీద పడేసి, పారలు అందుకుని తవ్వడం మొదలుపెట్టారు. ఫిర్మాన్ వాళ్ళ వీపుల మీద రాసున్నది చదివాడు. మాకోన్ సైకిల్ సంఘం. వేలితో లెక్కపెట్టాడు. పన్నెండు.

"మేయర్ గారూ! వీళ్ళేనండీ వాళ్ళు!"

"వీళ్ళెలా అవుతారయ్యా?" ఓక్తావ్‌కు ఓపిక నశించింది. "వీళ్ళు బయట ఉన్నారు కదా!"

తవ్వేవాళ్ళు అలసినప్పుడల్లా చేతికందిన గుత్తి తుంచుకుని తింటున్నారు. బాగా తియ్యగా ఉన్నాయని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు. వారం రోజుల పాటు పందులతో యుద్ధం చేసిన ఫిర్మాన్‌కు వాటి మీద మొదటిసారి గౌరవం కలిగింది. అవి తీగలను పీకలేదు.

రెండో వరుస లేచింది. మూడో వరుస దగ్గరకు యంత్రం జరిగేసరికి ఫిర్మాన్ దాని ముందుకు దూకాడు. "ఆపండి! అక్కడెవరూ లేరు! రేడియోనే! నాకు తెలుసు!"

"ఎలా తెలుసు?" అన్నాడు బాజిల్.

ఫిర్మాన్ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే గుంపును తోసుకుంటూ జిస్లేన్ వచ్చింది. ఒక చేతిలో కాఫీ కూజా, ఇంకో చేతిలో జున్ను బుట్ట. ఫిర్మాన్ నోరు మూశాడు.

"పాపం, తట్టుకోలేకపోతున్నాడు," అన్నాడు బాజిల్. అతన్ని తీసుకెళ్ళి రాతి మీద కూర్చోబెట్టి, భుజాల చుట్టూ దుప్పటి కప్పాడు.

జిస్లేన్ వెనకే స్థానిక రేడియో అమ్మాయి సెలెస్ట్ మైకు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "మేడమ్, నాయకుడి భార్య మీరే కదా? ప్రత్యక్ష ప్రసారంలో ఉన్నాం. ఒక్క మాట చెప్పండి!"

"ఏం చెప్పను అమ్మాయ్," అంది జిస్లేన్ ముంగురులు సర్దుకుంటూ. "మా ఆయనకు కూడా ఇంత ధైర్యం ఉందని నాకే తెలీదు."

"మా ఆయనకు కూడా ఇంత ధైర్యం ఉందని నాకే తెలీదు," అంది నేల.

పొక్లెయిన్ ఆగింది. పారలు గాల్లో నిలిచిపోయాయి.

"ఇదేంటి?" అంది జిస్లేన్.

"ఇదేంటి?" అంది నేల, అచ్చం ఆవిడ గొంతుతోనే.

ఓక్తావ్ మెల్లగా టోపీ తీసి దానితో ముఖం కప్పుకున్నాడు. జిస్లేన్ గాలి రంధ్రం దగ్గరకు వెళ్ళి వంగింది. ప్రతి మాట వెనకా సన్నని గరగర. ఇరవై ఏళ్ళుగా ఆ గరగర పక్కనే ఆవిడ కూరలు తరిగింది. ఆ రేడియో మీట విరిగి ఈ ఒక్క స్టేషన్ మీదే ఆగిపోయిందని ఆవిడకు తెలుసు. రంధ్రం అంచున రాతికి బిగించి ఉన్న తెగిన తాడు ముక్కను వేలితో పైకి లేపింది. బట్టలు ఆరేసే తాడు. తన పెరట్లోదే.

నిటారుగా లేచి, దుప్పటి కప్పుకుని కూర్చున్న భర్త వైపు తిరిగింది.

"పందులు, జిస్లేన్," అన్నాడు ఫిర్మాన్ పీలగా. "పందుల కోసం..."

"మేడమ్, ఏం జరుగుతోంది? శ్రోతలు ఎదురుచూస్తున్నారు!" అంది సెలెస్ట్.

జిస్లేన్ మైకు లాక్కుంది. "ఒర్తాన్స్ వదినా, వింటున్నావా? నీ ఇంట్లో రేడియో వాగుతూనే ఉంటుందిగా, వింటూనే ఉంటావు. నిన్ను అనరాని మాటలన్నాను, క్షమించు. సాయంత్రం కాఫీకి రా. నా రేడియో దొంగ దొరికాడు. నువ్వు కాదు వదినా." ఊపిరి పీల్చుకుంది. "నీ తమ్ముడు, ఫిర్మాన్!"

ఫిర్మాన్ కాదనడానికి నోరు తెరిచేలోగా నేలమాళిగ ఆ పేరును ఊరందరికీ వినిపించేలా ఖాయం చేసింది.